కాదనడం కూడా నేర్పండి: సైనిక అకాడమీల్లో నాయకత్వ పాఠాలు చెప్పేవారికి బహిరంగ లేఖ

దుండిగల్ వాయుసేన అకాడమీ, సైనిక్‌పురి కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్, డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీ, చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ, ఎళిమల నౌకాదళ అకాడమీల్లో నాయకత్వ పాఠాలు తయారుచేసే అధికారులకు,

నమస్కారం.

నైతిక ధైర్యం గురించి మీ సంస్థల్లో పాఠాలు లేవని మేము అనడం లేదు. 1971లో మానెక్‌షా మంత్రివర్గం ముందు నిలబడి ఇప్పుడు యుద్ధం వద్దన్న ముచ్చట వినని క్యాడెట్ ఉండడు. చిక్కు అక్కడే ఉంది. ఆ ముచ్చటలో మాట అన్నది సైన్యాధిపతి. విన్నది ఆ మాట విలువ తెలిసిన ప్రధాని. డిసెంబరులో ఢాకాలో దక్కింది గెలుపు. ఇరవై రెండేళ్ల లెఫ్టినెంట్‌కు ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు. అతనికి ఎదురయ్యేవి పై అధికారి అసహనం, పక్కవాళ్ల మౌనం, ఏడాది చివర రాబోయే కాన్ఫిడెన్షియల్ రిపోర్టు. ఎవరితో చెప్పాలి, ఏ మాటతో చెప్పాలి, ఏ కాగితం మీద రాయాలి, ఎంతవరకు పోవాలి అన్నది అతనికి ఎవరూ నేర్పలేదు. రైఫిల్ విప్పి జోడించడం ఎంత వివరంగా నేర్పుతారో ఇదీ అంత వివరంగా నేర్పమని అడగడానికే ఈ ఉత్తరం. తెలుగులో ఎందుకంటారా? కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్ల నుంచి మీ దగ్గరికి వచ్చే పిల్లల అమ్మానాన్నలు కూడా చదవాలని.

ముందుగా, 1962లో ఈశాన్య సరిహద్దులోని నామ్‌కా చూ నది దగ్గర చైనాతో జరిగిన పోరు పాఠాన్ని ఓడిన యుద్ధంగా కాకుండా, కాదన్నవాళ్ల, కాదనలేకపోయినవాళ్ల కథగా చెప్పండి. కోరుకొండ స్కూలు పుట్టిన ఏడాదే, 1962 సెప్టెంబరు 8న, చైనా సైనికులు థగ్‌లా శిఖరం దిగి మన ధోలా పోస్టు మీదికి వచ్చారు. తరిమేయమని ఢిల్లీ ఆదేశం. ఆ ప్రాంతం అప్పుడు 33వ కోర్ (కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద దళం) కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ ఉమ్రావ్ సింగ్ చేతిలో ఉంది. ఆయన వద్దన్న తీరు చూడండి. గొంతు పెంచలేదు, లెక్క తీశారు. తవాంగ్ దాటితే బండి దారి లేదు. సరుకు మనుషుల వీపుల మీద పోవాలి, లేదా విమానం నుంచి పడేయాలి. త్సంగ్‌ధార్‌లో పడేసినదాంట్లో చాలాభాగం లోయల పాలయ్యేది. జవాన్ల ఒంటి మీద నూలు యూనిఫాం, ఒక్కొక్కరి దగ్గర 50 తూటాలు. అవతలి గట్టు ఎత్తు, మనది పల్లం. చలి ముదిరేలోపు కావలసిన సరంజామా పోగుపడదు కాబట్టి ఈ పని కాదని ఆయన కాగితం మీద పెట్టారు. అక్టోబరు మొదటి వారంలో 4వ కోర్ అనే కొత్త కోర్ పుట్టింది. దానికి కమాండర్‌గా బి.ఎం. కౌల్ వచ్చారు. ఉమ్రావ్ సింగ్ పరిధి నుంచి ఆ ప్రాంతాన్నే తీసేశారు. అక్టోబరు 20 తెల్లవారుజామున నది గట్టున ఉన్న 7వ బ్రిగేడ్ కొన్ని గంటల్లో చెదిరిపోయింది. బ్రిగేడ్ కమాండర్ దల్వి 22న పట్టుబడ్డారు. కోర్ కమాండర్ కౌల్ అప్పటికే అనారోగ్యంతో ఢిల్లీ చేరి మంచం మీంచి ఆదేశాలిస్తున్నారు.

ఇంతవరకు ఎంతో కొంత మీ క్యాడెట్లకు తెలుసు. తెలియనిది సెప్టెంబరు 22 సంగతి. సైన్యాధిపతి థాపర్‌కు కూడా అనుమానాలున్నాయి. ఆదేశం రాతపూర్వకంగా కావాలన్నారు. రక్షణ శాఖ జాయింట్ సెక్రటరీ సంతకంతో వచ్చింది. సైన్యాధిపతి సిద్ధం కాగానే చైనా వాళ్లను ఖాళీ చేయించాలని దాని సారం. సిద్ధం కాగానే! తలుపు బార్లా తెరిచి ఇచ్చినట్టే కదా. సిద్ధంగా లేమని రాయడానికి అంతకంటే మంచి వీలు ఎవరికి దొరుకుతుంది? ఆ వీలు వాడుకోలేదు. కాగితం అడగడం సొంత వీపు కాచుకోవడానికీ పనికొస్తుంది, జవాన్ల ప్రాణాలు కాయడానికీ పనికొస్తుంది. రెండింటికీ తేడా కాగితం చేతికొచ్చాక ఏం చేశారన్న దాంట్లో తేలుతుంది. ఈ ఒక్క పాయింటు మీద గంటసేపు చర్చ పెట్టండి.

ఆ ఓటమి మీద సైనికాధికారులు హెండర్సన్ బ్రూక్స్, పి.ఎస్. భగత్ 1963లో ఇచ్చిన విచారణ నివేదిక అధికారికంగా ఇంకా రహస్యమే. 2014లో అందులో పెద్ద భాగం ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది. ఊరంతా చదివినదాన్ని క్యాడెట్ మాత్రం తరగతిలో చదవకూడదంటే ఏమనాలి?

దీని పక్కనే సగత్ సింగ్‌ను పెట్టండి. 1965 సెప్టెంబరులో చైనా హెచ్చరికతో సిక్కిం సరిహద్దులోని నాథూ లా, జెలెప్ లా కనుమలు ఖాళీచేసి వెనక్కి రమ్మని కోర్ నుంచి ఆదేశం వచ్చింది. పక్క డివిజన్ జెలెప్ లా వదిలేసింది, చైనా ఎక్కి కూర్చుంది. 17వ మౌంటెన్ డివిజన్ కమాండర్ సగత్ సింగ్ నాథూ లా వదలనన్నారు. ఆయన వాదన దేశభక్తి ఉపన్యాసం కాదు, భూగోళం: కనుమ నీటి పంపిణీ రేఖ మీద ఉంది, అది సహజ సరిహద్దు, వదిలితే ఎత్తు వాళ్లదవుతుంది, కింద మనం చూస్తూ కూర్చోవాలి. 1967లో ఆ కనుమ దగ్గరే పోరు జరిగింది. నేటికీ అది మన చేతిలో ఉంది. ఉమ్రావ్ సింగ్, సగత్ సింగ్ ఇద్దరూ లెక్కతోనే మాట్లాడారు. ఒకరి మాట చెల్లలేదు, ఒకరిది చెల్లింది. ఫలితాన్ని బట్టి ధైర్యానికి మార్కులు వేసే అలవాటును ఈ జంట పాఠం మాన్పిస్తుంది.

ఇక చట్టం. ఆర్మీ చట్టం 1950లో సెక్షన్ 41 అవిధేయతకు శిక్ష చెబుతుంది. పై అధికారి స్వయంగా ఇచ్చిన ఆదేశాన్ని ధిక్కార ధోరణిలో కాదంటే 14 ఏళ్ల వరకు జైలు. అలా కాకుండా ఉత్త అవిధేయత అయితే, యాక్టివ్ సర్వీసులో (యుద్ధం లాంటి విధుల్లో) లేనప్పుడు 5 ఏళ్ల వరకు. అయితే రెండుచోట్లా ఒక్క మాట ఉంది: 'చట్టబద్ధమైన' ఆదేశం. క్యాడెట్లకు శిక్ష గుర్తుంటుంది, విశేషణం గుర్తుండదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 14, అంటే పాత శిక్షాస్మృతిలోని 76, ఇచ్చే రక్షణ కూడా ఇలాంటిదే. పై అధికారి ఆదేశం మీద గుంపుపై కాల్చిన సైనికుడు నేరం చేసినట్టు కాదని అందులో ఉదాహరణ ఉంది, కానీ ఆ ఆదేశం చట్టానికి లోబడి ఉంటేనే. 'పై నుంచి ఆర్డర్' అన్న గొడుగు అంతవరకే.

మరొకటి ఎప్పుడూ తప్పుగా చెబుతుంటారు. అల్లర్లప్పుడు మెజిస్ట్రేట్ సైన్యాన్ని పిలిస్తే, గుంపును చెదరగొట్టమని కోరగలడు. ఎలా అన్నది అక్కడున్న సైనికాధికారి నిర్ణయం. అదీ వీలైనంత తక్కువ బలంతో, తక్కువ గాయాలతో. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 149 చెప్పేది ఇదే. 'మెజిస్ట్రేట్ ఫైర్ అన్నాడు' అన్నది జవాబు కాదు.

ఆదేశాలను మూడు బుట్టల్లో వేసి చెప్పండి. మొదటిది చట్టబద్ధమే గానీ తెలివితక్కువది. ఒక్కసారి, అంకెలతో, ప్రత్యామ్నాయంతో అభ్యంతరం చెప్పాలి. పై అధికారి అయినా అదే చేయమంటే మనసుపెట్టి చేయాలి. కురుసభలో వికర్ణుడు నలుగురిలో లేచి అన్యాయమన్నాడు, తర్వాత యుద్ధంలో అటువైపే నిలబడ్డాడు. ఈ బుట్టలో అయితే వికర్ణుడి పద్ధతి సరిపోతుంది. మూడో బుట్టలో సరిపోదు. ఆ మూడోది చూడగానే నేరమని తెలిసేది: లొంగినవాణ్ణి చంపడం, పట్టుబడినవాణ్ణి కొట్టి కక్కించడం, జరగని ఎన్‌కౌంటర్‌ను కాగితం మీద జరిపించడం. సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టం కింద కూడా పట్టుకున్న మనిషిని జాప్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌కు అప్పగించాల్సిందే. సైన్యం ఇచ్చే 'చేయవలసినవి, చేయకూడనివి' జాబితాను పాటించి తీరాలని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది.

రెండోది, మధ్యలోది, అన్నిటికంటే ప్రమాదం. అదే తరచూ వచ్చేది కూడా. 'రిజల్ట్ కావాలి.' 'ఎవర్నీ వదలొద్దు.' 'ఖైదీల తలనొప్పి నాకొద్దు.' చెప్పిందేమిటో చెప్పినవాడు ఒప్పుకోడు, విన్నవాడు మాత్రం అర్థం చేసుకోవాలి. 1956 అక్టోబరు 29న ఇజ్రాయెల్‌లోని కఫ్ర్ కాసిమ్‌లో ఇదే జరిగింది. సాయంత్రం 5 నుంచి కర్ఫ్యూ అని ఊరి పెద్దకు అరగంట ముందు చెప్పారు. పొలాలకూ పనులకూ పోయినవాళ్లకు ఆ కబురే తెలియదు. తెలియక తిరిగొస్తున్నవాళ్ల సంగతేమిటని అడిగితే బెటాలియన్ కమాండర్ నుంచి వచ్చింది జాలి వద్దన్న అర్థంలో ఒక ఈసడింపు మాట. కఫ్ర్ కాసిమ్‌లో దాదాపు 50 మందిని వరసగా కాల్చేశారు. చుట్టుపక్కల ఊళ్లలో అదే సాయంత్రం, అదే ఆదేశంతో ఉన్న వేరే ప్లటూన్ కమాండర్లు జనాన్ని ఇళ్లకు పోనిచ్చారు. ఆదేశం ఒకటే, యూనిఫాం ఒకటే, తేడా ప్లటూన్ కమాండర్‌లో ఉంది. నెత్తిన నల్లజెండా ఎగురుతున్నంత స్పష్టంగా చట్టవిరుద్ధమైన ఆదేశాన్ని పాటించకూడదని తర్వాత అక్కడి కోర్టు తీర్పిచ్చింది. బ్రిగేడ్ కమాండర్‌కు పడిన శిక్ష మాత్రం ఒక చిల్లర నాణెం జరిమానా. ఇది కూడా దాచకుండా చెప్పండి.

ఇప్పుడు పని. ఇలాంటి ఆదేశం వచ్చినప్పుడు మొదట దాన్ని మామూలు మాటల్లో తిరిగి అప్పజెప్పాలి. 'సర్, ఏడు దాటాక రోడ్డు మీద కనిపించినవాళ్లను ఆపి అడగకుండానే కాల్చమంటున్నారు, అంతేనా?' గాలిలో తేలుతూ వచ్చిన మాట ఈ ఒక్క వాక్యంతో నేల మీదికి దిగుతుంది. తన మాట తన చెవిన పడితే వెనక్కి తగ్గే అధికారులు ఎక్కువే. గొంతులో వెటకారం మాత్రం ఉండకూడదు. ఉంటే, చర్చ ఆదేశం మీద నుంచి మర్యాద మీదికి జారిపోతుంది. ఈ పని చెడేది చాలాసార్లు అక్కడే.

తర్వాత, తను చేయగలిగింది చెప్పాలి. 'ఆపుతాను, తనిఖీ చేస్తాను, పారిపోతే వెంటాడి పట్టుకుంటాను, నా మీద కాలిస్తే కాలుస్తాను.' ఉత్త 'కుదరదు' పై అధికారిని గోడకు నెడుతుంది. దారి చూపించిన 'కుదరదు' ఆయనకు పరువుగా బయటపడే సందు ఇస్తుంది.

అయినా పై అధికారి అదే చేయమంటే, ఆ ఆదేశాన్ని సిగ్నల్ (అధికారిక సందేశం) మీద గానీ కాగితం మీద గానీ ఇవ్వమనాలి. ఇవ్వకపోతే తనే రాసుకోవాలి: తేదీ, సమయం, చోటు, అన్న మాటలు అన్నట్టుగా, అక్కడున్నది ఎవరు. వ్యాఖ్యానం వద్దు. 'దుర్మార్గపు ఆదేశం' అని రాస్తే అది అభిప్రాయం. '19:40కి కంపెనీ పోస్టులో ఫలానా మాట అన్నారు' అని రాస్తే సాక్ష్యం. రాయాల్సింది డ్యూటీ లాగ్‌లో, ఫీల్డ్ మెసేజ్ బుక్‌లో. సొంత ఫోన్‌లో రహస్య పత్రాల ఫొటోలు దాచుకుంటే అసలు సంగతి పక్కకు పోయి అధికార రహస్యాల చట్టం మెడకు చుట్టుకుంటుంది. పత్రికలకు లీక్ చేయడం కూడా ఈ పనిలో భాగం కాదని స్పష్టంగా చెప్పండి.

తిరస్కారం ఒక్క వాక్యంలో ఉండాలి, ఒంటరిగా ఉండాలి. ఈ 'ఒంటరిగా' అన్నది మీ పాఠాల్లో ఎక్కడా కనిపించదు, అసలు కిటుకు అదే. నలుగురు కలిసి కాదంటే అది ఆర్మీ చట్టం సెక్షన్ 37 కింద తిరుగుబాటుగా మారవచ్చు, దానికి మరణశిక్ష దాకా ఉంది. 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో చంద్రసింగ్ గఢ్వాలీ, ఆయన తోటి సిపాయిలు నిరాయుధుల మీద కాల్చం అన్నారు. చేసింది ధర్మమే. కోర్టు మార్షల్ మాత్రం తిరుగుబాటుగానే చూసింది. చంద్రసింగ్‌కు యావజ్జీవం పడింది, 1941 దాకా జైల్లోనే ఉన్నారు. అది పరాయి ప్రభుత్వం, నిజమే. చట్టం ఆకారం మాత్రం పెద్దగా మారలేదు. కాబట్టి అధికారి అనాల్సింది 'మేము చేయం' కాదు, 'ఈ ఆదేశాన్ని నేను కిందికి పంపడం లేదు'. భారం తన మీద ఉంచుకుని, జవాన్లకు ఎంచుకోవాల్సిన అవసరమే లేకుండా చేసే వాక్యం అది. జవాన్లతో సంతకాలు పెట్టించడం, దర్బార్‌లో (అధికారి జవాన్లందరితో జరిపే సమావేశంలో) వాళ్లతో మాట్లాడించడం పిరికితనానికి మరో పేరు.

ఆ రోజే పై మెట్టుకు చెప్పాలి. ఇక్కడ తప్పు వ్యక్తిది కాదు, వ్యవస్థది. 1968 మార్చి 16న వియత్నాంలో మై లాయ్ దగ్గర అమెరికా సైనికులు ఊరివాళ్లను చంపుతుంటే, అమెరికా హెలికాప్టర్ పైలట్ హ్యూ థాంప్సన్ తమ సైనికులకూ ఊరివాళ్లకూ మధ్య హెలికాప్టర్ దింపాడు, కొందరిని తప్పించాడు, అదే రోజు పైకి చెప్పాడు. విచారణ చేసింది ఎవరు? ఆ బ్రిగేడ్ కమాండరే. 20 మంది పౌరులు పొరపాటున చనిపోయారని తేల్చాడు. తర్వాత అమెరికా సైన్యమే ఒప్పుకున్న లెక్క 347, వియత్నాం వాళ్ల లెక్క 504. ఏడాది తర్వాత రోనాల్డ్ రైడెన్‌అవర్ అనే మాజీ సైనికుడు వాషింగ్టన్‌కు ఉత్తరాలు రాస్తే గానీ అది కదల్లేదు. థాంప్సన్‌కు తగిన పతకం అందింది 1998లో. మన చట్టంలో సెక్షన్ 26 జవాన్లకు, 27 అధికారులకు ఫిర్యాదు దారి ఇస్తాయి. కానీ అది తనకు జరిగిన అన్యాయం గురించి. పక్కవాడు చేసిన నేరం చెప్పడానికి అంత తిన్నని దారి లేదు. పైగా ఆ ఫిర్యాదులో తెలిసి అబద్ధం రాస్తే సెక్షన్ 56 కింద 5 ఏళ్లు. అందుకే చూసిందే రాయమనండి, విన్నదాన్ని విన్నదిగా రాయమనండి.

ఇదంతా యుద్ధంలో, అల్లర్లలో ఎప్పుడో వచ్చే పరీక్ష. కాదనడం నిజంగా అలవాటయ్యేది, లేదా చచ్చిపోయేది, నెలనెలా పైకి పంపే రిటర్న్‌లలో, అంటే యూనిట్ లెక్కల నివేదికల్లో. ఒక ఊహా యూనిట్ అనుకోండి. 30 బండ్లలో విడిభాగాలు లేక 9 ఆగిపోయాయి. వచ్చే వారం ఇన్‌స్పెక్షన్. ఒక బండి గుండెకాయ తీసి ఇంకో బండికి పెడతారు, రంగు వేస్తారు, ఆ రోజుకు 27 కదులుతాయి. రిటర్న్‌లో 3 మాత్రమే ఆఫ్‌రోడ్, అంటే పనిచేయనివి, అని పోతుంది. పైన లెక్క చూసినవాడికి విడిభాగాలు చాలినట్టే కనిపిస్తుంది, వచ్చే ఏడాది కేటాయింపు పెరగదు. ఆగిన బండ్లు 12 అవుతాయి. అబద్ధం ఇంకొంచెం పెద్దదవుతుంది. ఫైరింగ్ స్కోర్లు, పరుగు పరీక్షల టైములు, స్టోర్ లెడ్జర్లు, అన్నిటిదీ ఇదే దారి. దీన్ని 'ఐవాష్' అని నవ్వుతూ అంటారు. చట్టం నవ్వదు. తెలిసి తప్పుడు రిపోర్టుగానీ రిటర్న్‌గానీ సంతకం చేస్తే సెక్షన్ 57 కింద 14 ఏళ్ల వరకు జైలు. ధిక్కారంతో ఆదేశం కాదన్నవాడికి ఉన్నదీ అదే 14. చట్టం దృష్టిలో రెండూ ఒకటే బరువు. మీ క్యాడెట్లను అడిగి చూడండి, ఎంతమందికి ఇది తెలుసో.

మరి ఎందుకు రాస్తారు? రిపోర్టు భయం. ఇనిషియేటింగ్, రివ్యూయింగ్, సీనియర్ రివ్యూయింగ్ అధికారులు 9 పాయింట్ల కొలత మీద మార్కులు వేస్తారు. కర్నల్, బ్రిగేడియర్, మేజర్ జనరల్ అవడానికి నంబర్ 3, నంబర్ 2, నంబర్ 1 సెలక్షన్ బోర్డులు ఒకదాని మీద ఒకటి సన్నబడుతూ ఉంటాయి. కాగితం మీద 7 చెడ్డ మార్కేం కాదు. తోటివాళ్లందరికీ 9, 8 పడుతున్నచోట మాత్రం ఆ 7 తలుపు మూసేస్తుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పిన సీఓ (కమాండింగ్ ఆఫీసర్) యూనిట్ చెడ్డగా, దాచిన సీఓ యూనిట్ మంచిగా కనిపించే చోట గోడ మీది రాతలు ఏం చేస్తాయి? డెహ్రాడూన్‌లో ఆ అకాడమీని ప్రారంభించిన చెట్‌వుడ్ మాటలు రోజూ చూస్తారు: ముందు దేశం, తర్వాత మీ జవాన్లు, చివర మీరు. ఆ వరుసలో పై అధికారి మెప్పు ఎక్కడా లేదు.

అందుకే మూడు చిన్న మార్పులు అడుగుతున్నాం. ఒకటి, రిపోర్టులో ఒక గడి చేర్పించమని పైకి సిఫారసు చేయండి: 'ఈ ఏడాది ఈ అధికారి మీతో దేనిమీద విభేదించాడు?' వరసగా మూడేళ్లు ఆ గడి ఖాళీగా ఉంటే సంజాయిషీ అడగాల్సింది ఆ అధికారిని కాదు, రిపోర్టు రాసినవాళ్లను. రెండు, చెప్పకుండా వెళ్లే తనిఖీ. అందులో ఆగిన బండి దొరికితే తప్పు కాదు, రిటర్న్‌లో లేని ఆగిన బండి దొరికితే తప్పు. బండ్లు చూసే అధికారి (ఎంటీఓ) వచ్చి 'సర్, తొమ్మిది కదలవు' అన్నప్పుడు సీఓ నోటి నుంచి వచ్చే తొలి మాట 'ఏం కావాలి?' అయితే చాలు, మరుసటి నెల రిటర్న్ దానంతటదే నిజమవుతుంది. మూడు, సమావేశాల్లో కనిష్ఠ హోదా అధికారిని ముందు మాట్లాడించండి. ఇది కొత్తదేం కాదు. కోర్టు మార్షల్‌లో సభ్యుల అభిప్రాయం అడిగేది అందరికంటే చిన్న హోదావాడి నుంచే, పెద్దవాళ్ల మాట విని చిన్నవాళ్లు మొగ్గకూడదని. ఒక మనిషిని శిక్షించేటప్పుడు పనికొచ్చిన తెలివి వంద మందిని దాడికి పంపేటప్పుడు పనికిరాదా?

ఇక తరగతి. ఉపన్యాసం వద్దు, వ్యాసం అసలే వద్దు. మైదానంలో టాక్టికల్ ఎక్సర్‌సైజ్ నడుస్తుండగా, మధ్యలో, ముందు చెప్పకుండా, రేడియోలో ఒక చెడ్డ ఆదేశం పంపండి. పట్టుబడ్డ ఇద్దరిని 'చూసుకోండి, కిందికి తేవద్దు' అనండి. మరో ఎక్సర్‌సైజ్‌లో చట్టబద్ధమే గానీ మొండి ఆదేశం ఇవ్వండి, ఎందుకంటే అన్నిటికీ కాదనేవాడు కూడా అంతే ప్రమాదం, వాణ్ణీ పట్టుకోవాలి. మార్కులు కాదన్నందుకు వేయొద్దు. తిరిగి అప్పజెప్పాడా, ప్రత్యామ్నాయం చెప్పాడా, టైము రాశాడా, జవాన్లను పక్కన పెట్టాడా, వీటికి వేయండి. అయిపోయాక అందరి ముందూ లాగ్ బుక్ తెరిచి చదవండి.

వచ్చే టర్మ్‌లో ఒక్క బ్యాచ్ మీద చేసి చూడండి. డిసెంబరు పాసింగ్ అవుట్ పరేడ్ లోపు, ఎంతమంది ఆదేశాన్ని తిరిగి అప్పజెప్పారో, ఎంతమంది నోరెత్తకుండా అమలు చేశారో లెక్క బయటపెట్టండి. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. ఆ అంకెలు బాగోకపోయినా ఫర్వాలేదు. మరీ బాగుంటేనే అనుమానిస్తాం.

ఇట్లు,
సైనిక చట్టం, నాయకత్వ శిక్షణ విషయాలు బోధించే కొందరం